సంకల్పములో చివరి మాట



 

ప్రతిదినము మనము పూజకు కూర్చుండి, ఆచమనము చేసి, ప్రాణాయామము చేసి, సంకల్పము చెప్పుకొందుము. పురోహితుడు చెప్పించుచుండగా మీరును చెప్పుచుందురు. చాలమందికి అది దాటిపోవలసిన గడప వంటిది. ఎప్పుడు ముగియునా, పూజ ఎప్పుడు ఆరంభమగునా అని చూచుచుందురు. నేడు ఆ గడప మీదనే కొంతసేపు నిలువవలెనని నా కోరిక.

సంకల్పములో మనము చెప్పుచున్నది ఏమి? బ్రహ్మదేవుని ఆయుర్దాయములో రెండవ సగము నడుచుచున్నదని మొదలు పెట్టుదుము. ఆ బ్రహ్మకు ఒక్క పగలు మన లెక్కలో 432 కోట్ల సంవత్సరములు. అటువంటి పగటిలో శ్వేతవరాహ కల్పము, అందు ఏడవదియైన వైవస్వత మన్వంతరము, అందు కలియుగము, కలిలో ప్రథమపాదము. పిమ్మట దేశము. జంబూద్వీపము, భరతవర్షము, మేరువునకు దక్షిణ దిగ్భాగము, శ్రీశైలమునకు మనము ఏ దిక్కున ఉన్నామో అది, ఏ నదుల నడుమ ఉన్నామో అది. మన కోనసీమవారు గౌతమీ వసిష్ఠల పేర్లు చెప్పుకొందురు. పిమ్మట సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము. ఆ తరువాత గోత్రము, పేరు. అన్నిటికిని చివర ఒక్క క్రియాపదము: కరిష్యే. చేయుదును అని దాని అర్థము.

432 కోట్ల సంవత్సరముల పగటి నుండి దిగివచ్చి, ఉద్ధరిణెడు నీళ్లు పట్టుకొని పీట మీద కూర్చున్న ఒక మనిషి వద్ద ఈ వాక్యము ఆగినది. వ్యాకరణము చదివినవారు గమనింతురు గాక: కల్పము, యుగము, ద్వీపము, నది, ఇవన్నియు ఆ వాక్యమున అధికరణములు. ఎక్కడ, ఎప్పుడు అను ప్రశ్నలకు సమాధానములు. ఎవరు చేయుదురు అను ప్రశ్నకు సమాధానము ఆ పీట మీది మనిషి ఒక్కడే. కర్త ఆయనయే.

చరిత్ర పుస్తకములు చదువునప్పుడు ఈ వాక్యము తలక్రిందులగుచున్నది. అక్కడ కర్తలు రాజులు, దొరలు, యుద్ధములు, చట్టములు. సామాన్యుడు అవి జరిగిన చోటు మాత్రము. ఏ పదవియు లేక, ఏ గ్రంథమును వ్రాయక, ఉన్న ఊరు దాటక దీర్ఘకాలము బ్రతికిన మనిషి జీవితమును ఆ కాలపు మహాసంఘటనల ప్రక్కన పెట్టి చూచిన, మన సంకల్పపు వ్యాకరణము నిలుచునా? ఈ ప్రశ్నకు పురాణమునకు పోనక్కరలేదు. మన గోదావరి లంకలలోనే ఒక జీవితము కలదు. లంకల గన్నవరము, శ్రీమతి డొక్కా సీతమ్మగారు.

ఆమె పేరు మీకందరికిని తెలియును. తెలిసిన కథ అని చెవులు మూసుకొనకుడు. కథ తెలియును గాని, దాని ప్రక్కన తేదీలు పెట్టి చూచినవారు అరుదు.

ఆమె 1841లో మండపేటలో జన్మించినది. అది ఎట్టి కాలము? అంతకు ఎనిమిదేండ్ల ముందు, నందన సంవత్సరములో వచ్చిన కరువును తరువాతి తరములవారు కూడ పేరు పెట్టి చెప్పుకొనుచుండిరి. రెండేండ్ల ముందు, 1839 నవంబరులో, కోరంగి రేవును ఉప్పెన ముంచివేసినది. 1821కిని 1841కిని నడుమ ఈ జిల్లా జనసంఖ్య పెరుగుటకు బదులు తరిగినది. చచ్చినవారు చావగా తక్కినవారు వలసపోయిరి. గోదావరి ఒడ్డున నిలిచి నీటి కొరకు ఆకాశము వంక చూచిన రోజులవి.

ఆమెకు ఆరేండ్ల వయస్సున, 1847లో, ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ఆరంభించినాడు. ఆమెకు పదకొండేండ్లు వచ్చునప్పటికి, 1852లో, అది పూర్తియైనది. నదికి అడ్డముగా నాలుగు భాగములు: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. ఆ రోజులలోనే లంకల గన్నవరము వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి నగరము లంకకు నీరు పంపుటకు 49 ఖానాల అక్విడక్టు కట్టిరి. నది మీద నది! మన జిల్లాలవారు కాటన్ దొరను మరువలేదు. పుష్కరములలో ఆయన పేర తర్పణము విడిచినవారిని నేను కన్నులార చూచితిని. శాస్త్రము ఒప్పునా అని ఒకరు నన్ను అడిగిరి. కృతజ్ఞతను శాస్త్రము ఎన్నడును కాదనలేదని చెప్పితిని.

ఆ అక్విడక్టు ఉన్న ఊరికే సీతమ్మగారు కోడలుగా వచ్చినది. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, భర్త డొక్కా జోగన్నగారు. జోగన్నగారు పండిత సభకు పోవుచు మధ్యాహ్నవేళ మండపేటలో వారి ఇంట ఆగినాడనియు, తల్లిలేని ఆ బాలిక వడ్డించిన తీరు చూచి పిల్లనడిగినాడనియు పెద్దలు చెప్పుదురు. జోగన్నగారు వేదము చదివినవాడు, వ్యవసాయదారు. ఆ ఊరు లంకలలో రాకపోకల దారి మీద ఉన్నది. రేవు దాటి వచ్చినవారికి, అంతర్వేది తీర్థమునకు పోవువారికి అది మజిలీ. వచ్చినవారికి ఆకలి వేయును. ఆ ఇంట విస్తరి వేయుదురు. ఇంతే కథ. 1909 ఏప్రిల్ 28న ఆమె పరమపదించు వరకు ఆ కథలో మార్పు లేదు.

ఇప్పుడు తేదీలు చూడుడు. 1857లో ఉత్తరమున సిపాయిల తిరుగుబాటు. 1858లో కుంపిణీ పోయి రాణిగారి ప్రభుత్వము. గన్నవరములో విస్తరి. 1876 నుండి 1878 వరకు మదరాసు రాజధానిలో మహాక్షామము. దత్తమండలములలో లక్షల మంది మరణించిరి. మన డెల్టా కాలువల పుణ్యమా అని బ్రతికినది సరిగదా, ధాన్యము ఎగుమతి చేసినది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినారు. మన డెల్టా పండితులు రెండు పక్షములై చీలిరి. ఆనాటి మా వైదికుల వాదమును నేను ఇక్కడ మరల ఎత్తికొనను, దానికిది సమయము కాదు. 1900లో గోదావరి మీద రైలు వంతెన. 1905లో వంగ విభజన. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్‌గారు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసించగా చిలకమర్తివారు తెలుగు చేసిరి, ఊరంతయు వందేమాతరమని మారుమ్రోగినది. ఇన్నియు జరుగుచుండగా ఆ వంటింట ప్రొయ్యి ఆరలేదు.

కాలువ నీరు ఇచ్చినది, నీరు ధాన్యమును ఇచ్చినది. అంతవరకు కాటన్ దొర పుణ్యము. గాదెలోని వడ్లు మాత్రము తమంతట తాము నడచి ఆకలిగొన్నవాని విస్తరిలోనికి రావు. మిల్లులు లేని కాలము. వడ్లు దంపవలెను, చెరుగవలెను, నీళ్లు మోయవలెను. ఆషాఢ శ్రావణములలో కట్టెలు తడిసి పొగ తప్ప మంట రాదు. చేయి కడుగుకొని ప్రొయ్యి అలికిన తరువాత, అర్ధరాత్రి రేవు దాటి నలుగురు వచ్చి అరుగు మీద కూర్చుందురు. మరల మడి కట్టుకొనవలెను, మరల ప్రొయ్యి రాజేయవలెను. ఇది ఒక్కరోజు చేసిన ఉత్సాహము. పదిరోజులు చేసిన వ్రతము. నలుబది ఏండ్లకు పైగా చేసినచో దానికి పేరేమి పెట్టవలెనో నాకు తోచదు. కులము అడుగలేదు, వేళ అడుగలేదు అని చెప్పుదురు. అతిథి అను మాటకు తిథి నియమము లేనివాడని మన పెద్దలు అర్థము చెప్పిరి. వైశ్వదేవము ముగిసిన పిమ్మట గృహస్థు ఒక ఆవును పిదుకునంత సేపు వాకిట నిలిచి అతిథి కొరకు ఎదురుచూడవలెనని స్మృతికారులు విధించిరి. ఆ తల్లి వాకిలి ఆ కొలతను దాటిపోయినది.

తైత్తిరీయోపనిషత్తు పారాయణ చేయువారు భృగువల్లిని జ్ఞాపకము తెచ్చుకొనుడు. భృగువు తండ్రియైన వరుణుని వద్దకు పోయి బ్రహ్మమును గురించి అడిగినాడు. తపస్సు చేయమని తండ్రి పంపినాడు. మొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొన్నాడు. మరల పంపగా ప్రాణమని, మరల మనస్సని, విజ్ఞానమని, చివరకు ఆనందమని తెలిసికొన్నాడు. విద్య అక్కడ పూర్తియైనది. ఇక ఉపనిషత్తు ముగియవలసినదే గదా! ముగియలేదు. ఆనందము వరకు ఎక్కిన తరువాత ఉపనిషత్తు తిరిగి అన్నము వద్దకు దిగివచ్చినది. అన్నమును నిందింపకుము, త్రోసివేయకుము, సమృద్ధిగా సంపాదింపుము, ఇంటికి వచ్చినవానిని ఎవనిని పంపివేయకుము అని వ్రతములు విధించినది. నా చిన్నతనమున ఈ క్రమము నాకు అర్థము కాలేదు. మేడ ఎక్కినవాడు మరల వంటింటికి ఏల రావలెను? మా గురువుగారిని అడిగితిని. "నీవు మధ్యాహ్నము ఎక్కడ భోజనము చేసితివిరా?" అని తిరిగి అడిగినారు.

ఆ ప్రశ్నకు నా సమాధానము మీకు చెప్పవలెను. మా పాఠశాల విద్యార్థులము వారములు చేసుకొని చదివినవారము. ఏడు రోజులు, ఏడు ఇండ్లు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరొక ఇంట భోజనము. నాకు గురువారము పెట్టిన తల్లి ఒకామె ఉండెడిది. సంపన్నురాలు కాదు. అరకాక కూర, పలుచని మజ్జిగ, ఆవకాయ. నోరు మాత్రము కొంచెము కటువు. నేను ఆలస్యముగా పోయినచో ఈ పిల్లవాడు పనసలు నేర్చునో లేదో గాని గంటలు లెక్కపెట్టుట నేర్వలేదు అని వీధి వినబడునట్లు తిట్టెడిది. తిట్టుచునే నెయ్యి వేసెడిది. ఒక గురువారము ఆ ఇంట బియ్యము ఒక్కరికే సరిపోయెనని నాకు చాల ఏండ్ల తరువాత ఆమె కుమార్తె చెప్పగా తెలిసినది. ఆనాడు నేను మారు అన్నము కూడ అడిగి తింటిని.

ఆమె తొంబది దాటి జీవించినది. సహస్ర చంద్రదర్శనము చేసినవారికి, అనగా ఎనుబది ఏండ్ల ఎనిమిది మాసములు దాటి వేయి పున్నములు చూచినవారికి, మనము శాంతి చేయుదుము గదా. దానికి నన్ను పిలిచిరి, పోయితిని. జార్జి చక్రవర్తి బొమ్మ రూపాయి నుండి గాంధీగారి బొమ్మ నోటు వరకు ఆమె చేతి మీదుగా పోయినవి. మదరాసు రాజధాని, 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్, అన్నియు ఆమె ఇల్లు కదలకుండనే దాటినవి. 1947 ఆగస్టు 15 జ్ఞాపకమున్నదా అమ్మా అని అడిగితిని. కొంచెము ఆలోచించి, "ఆనాడు బడి పిల్లలకు బిళ్లలు పంచిరి, మా ఇంట నలుగురు ఎక్కువ తినిరి" అన్నది. 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చి లంకలు మునిగినప్పుడు, గట్టు మీదికి చేరిన జనమునకు ఆమె మూడు రోజులు వండి పంపినది. ఆ వరదకు ఆమె పెట్టుకొన్న పేరు "నలుబది మంది వరద." నీటిమట్టము ఆమెకు తెలియదు. మనుషుల లెక్క తెలియును. 1996 నవంబరు తుఫానులో ఆమె పెరటి కొబ్బరిచెట్లన్నియు కూలిపోయినవి. దానిని గురించి అడుగగా, కట్టెలకు కొదువలేని ఏడాది అన్నది!

ఆమె పేరు ఏ శిలాఫలకము మీదను లేదు. నేనును చెప్పబోను, ఆమెకు అది ఇష్టముండెడిది కాదు. సీతమ్మగారిని గురించి చెప్పుచు ఈమెను ఏల తెచ్చితిననగా, ఒక భయముచేత. సీతమ్మగారిని మనము దేవతను చేయుచున్నాము. అపర అన్నపూర్ణ అను బిరుదు మంచిదే. జోగన్నగారికి పొలములో బంగారు నాణెముల బిందె దొరికెనను కథ కూడ ప్రచారములో ఉన్నది. నాకు ఆ కథ మీద మక్కువ లేదు. బిందె దొరికినచో ఎవరైనను పెట్టుదురు! అన్నదానమునకు పొలములు తరిగిపోయినవను మాట కూడ పెద్దలు చెప్పుదురు. నాకు ఆ మాట మీద గురి. దేవతను చేసినచో మనకు ఒక సౌకర్యము కలదు: ఆమె దేవత గనుక చేసినది, మనము మనుషులము గనుక పూలదండ వేసి పోవుదుము. ఆమె మనిషి. ఒళ్లు నొప్పులు పుట్టిన మనిషి.

అంతర్వేది కథ వినుడు. ఒక పర్యాయము ఆమె శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి దర్శనమునకు పల్లకిలో బయలుదేరినది. ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక. దారిలో బోయీలు పల్లకి దింపి విశ్రమించుచుండగా, ప్రక్కనే పోవుచున్న బాటసారుల మాటలు వినబడినవి. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నారు. ఇంకొక్క కొంచెము ఓర్చుకొనుడు, గన్నవరములో సీతమ్మగారి ఇల్లు చేరినచో అన్నము పెట్టునని తల్లిదండ్రులు బుజ్జగించుచున్నారు. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించినది. వారికంటె ముందు ఇల్లు చేరి వంట చేసినది.

ఈ కథ చెప్పునప్పుడు చాలమంది, ఆమెకు ఆ పిల్లలలోనే నరసింహుడు కనబడెనని ముగింతురు. ఆ మాట తప్పనను. కాని త్వరపడి చెప్పకుడు. అంతర్వేది దర్శనము ఆనాడు ఆమెకు లేకపోయినది. ఉత్సవము జరిగినది, రథము కదలినది, ఆమె అక్కడ లేదు. ఆ లోటును మన మాటలతో పూడ్చివేసినచో ఆమె ఇచ్చినది ఏమో మనకు తెలియదు. రంతిదేవుడు నలుబది ఎనిమిది దినములు ఉపవాసముండి, చివరకు దొరికిన నీటిని కూడ అడిగినవానికి ఇచ్చినట్లు భాగవతము నవమస్కంధమున కలదు. దేవతలు ప్రత్యక్షమగుట ఆ తరువాతి మాట. నీరు ఇచ్చునప్పుడు ఆయనకు దాహము నిజమే.

ఇక దొరల మాట. 1903 జనవరి 1న ఢిల్లీలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక దర్బారు జరిగినది. సంస్థానాధీశులు ఏనుగుల మీద ఊరేగిరి. ఆ పట్టాభిషేకోత్సవమునకు సీతమ్మగారికి ఆహ్వానము వచ్చినదనియు, ఆమె పోలేదనియు, కనీసము ఛాయాచిత్రమైనను పంపవలెనని అధికారి వచ్చి అడిగెననియు మన ప్రాంతమున చెప్పుదురు. ఆమె దానికిని ఒప్పుకొనలేదట. చిత్రము లేకుండ పోయినచో నా ఉద్యోగము పోవునమ్మా అని ఆయన వాపోగా అప్పుడు ఒప్పుకొన్నదట. చక్రవర్తి కొరకు కదలని మనిషి, ఒక ఉద్యోగి ఇంటి అన్నము కొరకు కదలినది. ఇక్కడ సంకల్పమును తలచుకొనుడు. రవి అస్తమింపని సామ్రాజ్యము ఆ కథలో ఎక్కడ ఉన్నది? అధికరణములో ఉన్నది. ఎప్పుడు అనగా, ఎడ్వర్డు పట్టాభిషేకపు రోజులలో. ఏమి జరిగినది అనగా, గన్నవరములో విస్తరి వేసిరి. ఆ సామ్రాజ్యము 1947లో ఇచట నుండి పోయినది. 2000లో గన్నవరము వద్ద కట్టిన క్రొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది. పేర్లు పెట్టుట ప్రభుత్వముల పని, మంచిదే. ఆ పథకమున దినమును గరిటె పట్టుకొను తల్లుల పేర్లు మనకు తెలియవు, గమనించితిరా?

2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. బృహస్పతి రాశిచక్రము తిరుగుటకు పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ పట్టును గనుక పుష్కరము ప్రతిసారి కొన్ని దినములు ముందుకు జరుగుచున్నది: 1991లో ఆగస్టు నడుమ, 2003లో జూలై చివర, 2015లో జూలై నడుమ. 2015లో మొదటి దినముననే రాజమహేంద్రవరపు రేవులో త్రొక్కిసలాట జరిగి 27 మంది మరణించిరి. ఒక్క ముహూర్తమునకు, ఒక్క రేవునకు అందరును పరుగెత్తిన ఫలము. గోదావరి ఆ పండ్రెండు దినములును, అన్ని రేవులలోను గోదావరియే. ఈసారి యాత్రికులు మీ ఊరి మీదుగా పోవుదురు. అన్నదాన సత్రములు వెలయును, దాతల పేర్లతో పెద్ద పెద్ద పటములు కట్టుదురు. పేరు వ్రాయించుకొనుడు, నేను ఆక్షేపింపను. పేరు కొరకైనను పదిమంది తిందురు గదా. అయితే టోకెన్లు అయిపోయిన తరువాత, గుండిగలు కడిగి బోర్లించిన తరువాత, ఒక ముసలమ్మ మనుమని చేయి పట్టుకొని వచ్చును. ఆమె కొరకు ఎవరు ప్రొయ్యి మరల రాజేయుదురో, ఆ ఏర్పాటు కూడ ఇప్పుడే చేసికొనుడు. ధర్మకర్తలు ఇక్కడనే ఉన్నారు గనుక చెప్పుచున్నాను.

రేపు ఇదే వేళకు భృగువల్లిలోని అన్నవ్రతములను ఒక్కొక్కటిగా భాష్యముతో విచారింతము. పుస్తకము ఉన్నవారు తెచ్చుకొనుడు.

మండపములో విస్తళ్లు వేసినారని ఇప్పుడే కబురు వచ్చినది. లంకల నుండి రేవు దాటి వచ్చినవారు, చంటిపిల్లల తల్లులు మొదటి పంక్తిలో కూర్చుండుడు. ఊరివారము మనము వడ్డింతము.